కరిగే సరుకుకు కావలి

ఐలన్న ఇంటి గోలెంలో కంపెనీవాళ్లు వెండిరేకులు నానబెట్టారని పక్కింటి కౌసల్యమ్మ చెప్పిందట. రుద్రారంలో ఆ వాడకట్టంతా ఏదో ఒక వంకతో వచ్చి తొంగిచూసి పోయింది.

నిజానికి బర్రెకు నీళ్లుపోసే ఆ సిమెంటు గోలెంలో ఉన్నవి పది తెల్ల కవరు ముక్కలు. ఐలన్న పద్నాలుగేళ్లుగా ప్లాస్టిక్ కంపెనీలో వాచ్‌మన్. ఇంకా పర్మినెంట్ కాలేదు. ముక్కలను వలసంచిలో కట్టిచ్చిన రోజు కంపెనీ ఆఫీసరు సోమేశ్వర్ సార్ ఒకటే మాట అన్నాడు. "ఊరి నీళ్లల్ల నానాలె. కంపెనీ రహస్యం, ఎవ్వరినీ ముట్టనియ్యకు. రెండు నెలలకు వస్త. పని మంచిగ చేస్తే నీ పర్మినెంట్ కాయితం నా జేబులోనే ఉంటది."

పదిహేనో రోజుకు ముక్కల అంచులు చీకిపోయాయి. గేటు దాటి ఒక్క మేకును పోనివ్వని ఐలన్నకు చెమటలు పట్టాయి. బర్రె నాకిందనుకొని దాన్ని తీసుకెళ్లి కౌసల్యమ్మ కంచెకు కట్టేశాడు. అది ఆమె బీరపాదును వేళ్లదాకా మేసింది.

"నా పాదంత మేపినవు గదరా ఐలిగా!"

"ముందుగాల నా గోలెంల చెయ్యెవలు వెట్టిన్రో చెప్పు అక్కా!"

"నీ బర్రె ఎంగిలి నీళ్లతోని నాకేం పనిరా?"

ఆ రోజు నుంచి రెండిళ్లకూ మాటల్లేవు. నెల తిరిగేసరికి సంచిలో ముక్కలూ లేవు.

"ఏందయ్యా, గట్ల కూలవడ్డవ్?" అంది భార్య రాజవ్వ.

"నా నౌకరి నీళ్లల్ల కలిసిందే!"

"తెల్ల కవర్లకు కరువా? కత్తెర తే."

రెండు నెలలకు సోమేశ్వర్ బొంబాయి పెద్దసారును వెంటబెట్టుకుని జీపు దిగాడు. ఐలన్న సంచి ఎత్తి సెల్యూట్ కొట్టాడు. "ఒక్కటి పోలే సార్! జెరంత అంచు సుత అరగలే!"

సోమేశ్వర్ ముఖం పాలిపోయింది. "ఇది మక్కపిండితో చేసిన ప్లాస్టిక్ రా! నీళ్లల్ల నాని, ముక్కలై, కంటికి కనవడని క్రిములు తినాలె. కరిగితేనే పాసు!"

పెద్దసారు అప్పటికే ఫైలు మూసేశాడు. సోమేశ్వర్ చివరి ముక్కను తిరగేశాడు. దానిమీద ఎర్రటి అక్షరాలు: వెంకటేశం కిరాణం.

"అసలువి ఏవి?"

"నెలకే కరిగినయి సార్..."

సోమేశ్వర్ ఎగిరి గంతేశాడు. "విన్నరా సార్? నెలకే!"

"చూపించండి," అన్నాడు పెద్దసారు.

గోలెంలో నీళ్లు తప్ప చూపించడానికేమీ లేదు. పెద్దసారు వెళ్లి జీపులో కూర్చున్నాడు. జేబులో కాయితాన్ని ఇంకా లోపలికి నెట్టుకుంటూ సోమేశ్వర్ ఐలన్న మీద విరుచుకుపడ్డాడు. "కరిగినప్పుడే ఎందుకు చెప్పలేదురా?"

ఐలన్న తల దించుకున్నాడు. రాజవ్వ దించుకోలేదు.

"కరిగిపోయేదానికి కావలి ఎందుకు వెట్టినవు సారూ?"