మంత్రిగారి మొదటి సెమిస్టర్

బయోటెక్నాలజీని, ఎంట్రప్రెన్యూర్‌షిప్‌ను కలిపి ఒకే డిగ్రీగా జాతికి అంకితం చేస్తున్నట్టు ఉన్నత విద్యాశాఖ మంత్రిగారు ప్రకటించారు. అక్కడితో ఆపి ఉంటే ఆయన అందరిలాంటి మంత్రే అయ్యేవారు. గొంతు సవరించుకుని, ఆ డిగ్రీలో తానూ మొదటి సంవత్సరం విద్యార్థిగా చేరుతున్నానని చెప్పారు. చప్పట్లు సద్దుమణిగాక ఒక విలేకరి, ఏయే కోర్సులు తీసుకుంటారని అడిగాడు.

"నాకంటూ ఇష్టాయిష్టాలు లేవు," అన్నారు మంత్రిగారు. "అడ్మిషన్ల జాబితాలో మొదటి పేరు ఎవరిదో, వాళ్లు ఏవి తీసుకుంటే నేనూ అవే. ప్రజల వెనక నడిచేవాడే నాయకుడు."

జాబితా అక్షరక్రమంలో ఉంది. మొదటి పేరు ఒక చిన్న బేకరీ నడుపుకునే ఆవిడ కూతురిది. పేరు 'అ'తో మొదలవడం తప్ప ఆ అమ్మాయి చేసిన తప్పేమీ లేదు.

ఈ గౌరవం తన నెత్తిన పడిన సమయానికి బేకరీ అమ్మాయి మోచేతుల దాకా పిండితో, పొంగని ముద్ద ముందు నిలబడి ఉంది. కొన్నాళ్లుగా వాళ్ల బ్రెడ్డు పిండి ఒకరోజు దివ్యంగా పొంగేది, మరోరోజు అలిగినట్టు మూల కూర్చునేది. తల్లి మైదా కొట్టు మార్చింది, ఈస్ట్ మార్చింది, ఓవెన్ రిపేరు చేసేవాడితో మాటలు మానేసింది. అయినా వారంలో రెండు రోజులు పిండి చెత్తబుట్టకే పోయేది. అందుకే కోర్సుల పుస్తకం చేతికి రాగానే అమ్మాయి ఒకే పేరు చుట్టూ గుండ్రంగా గీత గీసుకుంది. ఫెర్మెంటేషన్ ల్యాబ్. పన్నెండు స్టూళ్లు, ఒక్క లెక్చరర్, పొద్దున ఎనిమిదింటికి.

ఆ సాయంత్రమే మంత్రిగారి పీఏ బేకరీకి వచ్చాడు. రెండు ఫోన్లు కౌంటరు మీద పెట్టి, చాలా ఆప్యాయంగా అడిగాడు.

"ఏం తీసుకుందామనుకుంటున్నాం అమ్మా?"

"ఫెర్మెంటేషన్ ల్యాబ్, సెల్ బయాలజీ, స్టాటిస్టిక్స్, వ్యాపారం మొదలుపెట్టడం మీద ఒక పేపరు," అంది అమ్మాయి.

"ల్యాబ్ ఎన్నింటికి?"

"ఎనిమిదింటికండి."

"రాత్రి కదా?"

"పొద్దున."

పీఏ ఒక ఫోను తీసి బోర్లా పెట్టాడు. "పోనీ, సెల్ బయాలజీలో ఏముంటుంది?"

"కణాలు, కణ విభజన."

"విభజన అంటే?"

"ఒక కణం రెండుగా చీలిపోతుంది."

"ఎవరు చీలుస్తారు?"

"ఎవరూ చీల్చరండి. దానంతట అదే చీలుతుంది."

"అలా చెబితే నమ్మరమ్మా. పోయిన నెల మా పార్టీ చీలినప్పుడు మేమూ అదే చెప్పాం." పీఏ నిట్టూర్చాడు. "స్టాటిస్టిక్స్ కూడా వద్దు. సారుకూ అంకెలకూ పాత గొడవలున్నాయి."

ట్రేలు కడుగుతున్న తల్లి చేతులు తుడుచుకుంటూ వచ్చింది. "మా పిల్ల చదువుకోవడానికి పోతోంది బాబూ. మీ సారు నిద్ర చెడకుండా చూడటానికి కాదు."

"ఆ ల్యాబ్ ఒక్కటీ వదిలేసుకుంటే మీ వీధికి కొత్త రోడ్డు వేయిస్తానమ్మా."

"రోడ్డెందుకు నాకు? పిండి పొంగితే చాలు."

"దానికీ కమిటీ వేయిస్తాను," అని మాటిచ్చి పీఏ వెళ్లిపోయాడు.

మర్నాడు కాలేజీ రిజిస్ట్రార్ అమ్మాయిని పిలిపించారు. కుర్చీ చూపించి, మంచినీళ్లు ఇప్పించి, అనునయంగా చెప్పారు. "విద్యార్థికి ఎంపికలో సంపూర్ణ స్వేచ్ఛ ఉందమ్మా. ఆ స్వేచ్ఛను నువ్వు చేజేతులా వాడేసుకోకూడదు."

కణ విభజన పాఠానికి అప్పుడే 'కణ వికాసం' అని పేరు మార్చారట. ల్యాబ్‌లో సూక్ష్మజీవుల కల్చర్ పెంచుతారని తెలిసి, కల్చర్ పెంచే అధికారం తమ ఒక్కరిదేనని సాంస్కృతిక శాఖ అభ్యంతరం తెలిపిందట. ఇక ప్రతిపక్ష నాయకుడు, బేకరీ అమ్మాయి వదిలేసిన సబ్జెక్టులన్నీ తాను తీసుకుంటానని శపథం చేశాడట. అన్నీ విని అమ్మాయి ఇంటికొచ్చింది. ఆ రాత్రి అన్నం సయించలేదు. ఎవరినీ ఎదిరించే పిల్ల కాదు. ఆ ల్యాబ్ ఒక్కటి మానేస్తే అందరూ హాయిగా ఉంటారు కదా అని కూడా అనుకుంది.

రిజిస్ట్రేషన్ రోజు తెల్లారేసరికి పిండి మళ్లీ కూర్చుంది. తల్లి మొత్తం పిండిని బుట్టలో పోసి, గిన్నె బోర్లించి, షాపు తలుపు మీద 'ఈరోజు బ్రెడ్డు లేదు' అన్న అట్ట తగిలించింది. అది చూసి అమ్మాయి నేరుగా కాలేజీ రిజిస్ట్రేషన్ హాల్లోకి వెళ్లి, కెమెరాల ముందు మైకు పట్టుకుని తన నాలుగు కోర్సులూ ఒక్కటీ మార్చకుండా చదివేసింది.

హాలు చల్లబడిపోయింది. మంత్రిగారు మాత్రం తొణకలేదు. "నాకూ అవే," అని చిరునవ్వుతో సంతకం పెట్టారు. సాహసం అంటే అదీ అని పక్కనున్నవాళ్లు కళ్లు తుడుచుకున్నారు.

ప్రోటోకాల్ ప్రకారం మంత్రిగారి పేరు ఒకటో నంబరుగా ముందు ఎక్కింది. వెంటనే ఆయన అంగరక్షకులవి, పీఏది, ఫొటోగ్రాఫరుది, బావమరిదిది, బావమరిది ఇద్దరు స్నేహితులవి, ముగ్గురు యువజన నాయకులవి ఎక్కాయి. అమ్మాయి వంతు వచ్చేసరికి ఫెర్మెంటేషన్ ల్యాబ్‌లో స్టూళ్లు లేవు.

"సార్, అది నేను ఎంచుకున్న కోర్సు," అంది రిజిస్ట్రార్‌తో.

"అవునమ్మా, అది నీదేనని దేశమంతటికీ తెలుసు," అన్నారాయన గౌరవంగా. "అందుకే అంత త్వరగా అయిపోయింది."

ఆ స్థానంలో ఆమెకు 'నాయకత్వ లక్షణాలు' అనే పేపరు దొరికింది.

ల్యాబ్ మొదలైన రోజున అమ్మాయి మనసు ఆగక, గుమ్మం దాకా వెళ్లి లోపలికి తొంగి చూసింది. పన్నెండు స్టూళ్లూ ఖాళీ. తెల్లకోటు వేసుకున్న లెక్చరరమ్మ ఒక్కతే నిలబడి, ఖాళీ గదికి హాజరు పిలుస్తోంది.

"ఎవరు నువ్వు?" అంది లెక్చరరమ్మ.

"ఈ కోర్సు దొరకలేదు మేడమ్."

"దొరికినవాళ్లు రాలేదు. ఒకటో నంబరు హాజరు నూటికి నూరు ఉండాలని పైనుంచి ఆర్డరు. ఎవరూ పలక్కుండా వేయడం నాకు అలవాటు లేదు. పలుకుతావా?"

"నేను ఒకటో నంబరు కాదు మేడమ్."

"నేను ముఖం అడగలేదు. నంబరు అడిగాను."

అమ్మాయి తలుపు దగ్గరగా వేసి మొదటి స్టూలు మీద కూర్చుంది. "ప్రెజెంట్ మేడమ్," అంది.

అలా మంత్రిగారి చదువు జోరందుకుంది. ఆయన మైక్రోస్కోపు సరిచేయడం నేర్చుకున్నారు. బతికున్న ఈస్ట్ కణానికీ చచ్చినదానికీ తేడా పట్టారు. మొదటి పరీక్షలో ప్రథమ స్థానంలో నిలిచారు. నెల తిరగకముందే బేకరీ కుళాయి నీళ్లు తెచ్చి పరీక్షించి, వీధి ట్యాంకు కడిగిన మర్నాడల్లా నీళ్లలో క్లోరిన్ విపరీతంగా ఉంటోందని, అదే ఈస్ట్‌ను చంపుతోందని కనిపెట్టారు. తల్లి ముందురోజే నీళ్లు కాచి, వెడల్పాటి గిన్నెల్లో పోసి ఉంచడం మొదలుపెట్టింది. పిండి ఇక అలగలేదు. కూతురి చెంప మీద పిండి చెయ్యి వేసి, "మీ మంత్రిగారు చల్లగా ఉండాలి," అంది.

చిక్కు మరోవైపు నుంచి వచ్చింది. ఎవరు ఏ పని మీద వెళ్లినా, సారు క్లాసులో ఉన్నారని చెప్పి పంపేయడం మంత్రిగారి ఆఫీసులో అలవాటైంది. విసిగిపోయిన ఒక డిప్యూటీ సెక్రటరీ ఫైలు చంకన పెట్టుకుని తిన్నగా ల్యాబ్‌కే వచ్చాడు.

"ఒకటో నంబరు ఎవరండీ?"

లెక్చరరమ్మ తలెత్తకుండా మొదటి స్టూలు చూపించింది. అతను అమ్మాయి ముందు చేతులు కట్టుకు నిలబడ్డాడు. ఆమె కంగారుగా మాస్కు తీసేసింది.

"అయ్యా, నేను మంత్రిని కాదండి."

"ప్రెజెంట్ అన్నది తమరే కదా?"

"అన్నానండి, కానీ..."

"ఇరవై ఏళ్లుగా ఫైళ్లు మోస్తున్నాను తల్లీ. ప్రెజెంట్ అన్న మంత్రిని ఇదే మొదటిసారి చూడటం." అతను ఫైలు తెరిచాడు. "ఆడపిల్లల హాస్టలు పైకప్పు కారుతోంది. ఏం చేయమంటారు?"

"కారుతుంటే బాగు చేయించాలి కదండీ," అంది అమ్మాయి, ఇంకేమనాలో తెలియక.

'మంత్రిగారు కూలంకషంగా పరిశీలించి ఆమోదించారు' అని రాసుకుని అతను వెళ్లాడు. పైకప్పు బాగైంది.

ఆ వారంలోనే వరండాలో బెంచీ వేయాల్సి వచ్చింది. ఫైళ్లు పట్టుకున్న అధికారులు ఒకరి తర్వాత ఒకరు లోపలికి వచ్చేవారు. అమ్మాయి స్లైడు మీంచి కన్ను తీయకుండా తోచింది చెప్పేది, తోచకపోతే "ఎందుకు?" అని అడిగేది. ఆ ప్రశ్నకు జవాబు లేని ఫైళ్లు వచ్చిన దారినే పోయేవి. చదువులో పడ్డాక మంత్రిగారి పాలనలో కొత్త వెలుగు వచ్చిందని పత్రికలు రాశాయి. మంత్రిగారు అవి చదివి, అది నిజమేనని ఒప్పుకున్నారు.

అయితే లైబ్రరీ స్థలాన్ని తన ఫంక్షన్ హాలుకు ఇవ్వమన్న బావమరిది ఫైలు కూడా 'ఎందుకు?' అన్న మాటతో వెనక్కి వచ్చింది. అతను బావగారి ముందు కూర్చుని కన్నీళ్లు పెట్టుకున్నాడు. తాను అంత మాట ఎప్పుడన్నానో గుర్తురాక, మర్నాడు పొద్దున మంత్రిగారు స్వయంగా కాలేజీకి బయల్దేరారు.

అమ్మాయి తల ఎత్తేసరికి తలుపు అద్దంలో ఆయన ముఖం కనిపించింది. స్టూలు ఖాళీ చేద్దామని లేచి నిలబడింది. వరండాలోంచి అటెండరు గొంతు వినిపించింది.

"మంత్రిగారు క్లాసులో ఉన్నారండి. కూర్చోండి."

"మంత్రిని నేనేనయ్యా."

"ఒకటో నంబరుకు ప్రెజెంట్ పడిందండి."

మంత్రిగారు మళ్లీ అద్దంలోంచి చూశారు. లోపల తెల్లకోటులో ఎవరో, ఆ మనిషి ముందు నడుం వంచి నిలబడ్డ ఒక జాయింట్ సెక్రటరీ. ఎవరి ముందు జాయింట్ సెక్రటరీ నడుం అంతగా వంగుతుందో ఆయనకు ఎవరూ చెప్పక్కర్లేదు.

"ఒకటో నంబరూ, స్లైడు ఆరిపోతోంది," అంది లెక్చరరమ్మ. అమ్మాయి కూర్చుంది.

బయట మంత్రిగారు చొక్కా గుండీ సర్దుకుని, బెంచీ చివర ఒదిగి కూర్చున్నారు. పక్కనున్న కాంట్రాక్టరు వైపు వంగి, మెల్లగా అడిగారు.

"ఇవాళ సారు మూడ్ ఎలా ఉందంటారు?"

"పర్లేదంటున్నారండి," అన్నాడు కాంట్రాక్టరు.

ముందున్న ఒకాయన లేచి లోపలికి వెళ్లాడు. మంత్రిగారు ఆ ఖాళీలోకి జరిగారు.