వజీఫాకు వెళ్లిన మూషికం

విఘ్నాలు పెట్టేవాడూ తొలగించేవాడూ తానే అయిన గణనాథునికీ, ఆ బరువు మోస్తూ ఏనాడూ విసుక్కోని మూషికానికీ మొదట నమస్కరించి ఈ కథ చెబుతున్నాను.

నిజాం ఏలుబడిలో నాంపల్లిని ప్లేగు పట్టిన ఏడాది అది. బి.ఏ. ప్యాసైన వసుమతి బాలికల బడిలో పంతులమ్మ. భర్త గతించాడు, తల్లి జయమ్మ ఒక్కతే తోడు. శిక్షణ లేనివారిని వేసవి తర్వాత ఉంచబోమని బడివారు తేల్చేశారు. ఆ శిక్షణకు బీటీ చదవాలంటే, ఆబిడ్స్‌లో బట్టల దుకాణమున్న ప్రహ్లాద్‌రావు ఏటా ఒక్కరికి చదువు ఖర్చుకిచ్చే వజీఫాయే గతి. ఎంపిక జరిగే ఆ ఉదయం, ఆయన ఇంటి పూజకు కొబ్బరికాయ, పళ్లు సంచిలో సర్దుకుని వసుమతి బయలుదేరబోతుండగా, వంటింటి అటక మీదినుంచి ఎలుక పడింది. పడి, లేవలేదు. ఇంట్లో ఎలుక చస్తే పట్టణ మునిసిపాలిటీ అయిన బల్దియాకు చెప్పాలని హుకుం.

"బల్దియాకు చెప్దామా అమ్మా?"

"చెప్తే ఇయ్యాల్నే ఇల్లు ఖాళీ చేపిచ్చి మనల క్యాంపుకు తోల్తరు. నీ వజీఫా గాడికొస్తదా? ఇంకో సంచిల ఏసుకపో. తొవ్వల ఏడన్న పారెయ్. పక్కోళ్ల దొడ్లె మాత్రం వద్దు, మొన్ననే చింతపండిచ్చిన్రు."

తొవ్వలో ప్రతి చెత్తకుప్ప దగ్గరా బల్దియా మనిషి నిలబడి ఉన్నాడు. ఆబిడ్స్ చేరేసరికి రెండు సంచులూ ఆమె చేతిలోనే ఉన్నాయి. ప్రహ్లాద్‌రావు ఇంటి గుమ్మంలో నౌకరు బిచ్చయ్య రెంటినీ అందుకున్నాడు.

"ఒకటి నా దగ్గరుండనీ బిచ్చయ్యా."

"అయ్య ముందట సంచి పట్టుకొని కూసుంటరా? బజారు కాదమ్మా గిది."

ఆనాడు నెలనెలా వచ్చే చవితి పూజ. చూపు మందగించిన బిచ్చయ్య చీకటి పూజగదిలో రెండు సంచులూ కుమ్మరించి వచ్చాడు. ప్రహ్లాద్‌రావు హారతి వెలిగించేసరికి, గణపతి పాదాల చెంత, శిల్పి మరచిన లోటు తీర్చడానికే వచ్చినట్టు ఒదిగి ఉంది ఎలుక. గంట ఆగిపోయింది. వజీఫా ఎంపికకు వచ్చిన బల్దియా డాక్టరు జోడించిన చేతులు విడదీశాడు.

"ఇంట్ల ఉన్నోళ్లందరు నడువుండ్రి క్యాంపుకు."

"హారతి కానియ్యండి డాక్టర్ సాబ్."

"క్యాంపుల ఇచ్చుకోండ్రి."

సాయంత్రానికి ఊరి బయటి తడికెల గుడిసెల్లో ప్రహ్లాద్‌రావు కుటుంబం, బిచ్చయ్య, వంటమనిషి పూలమ్మ, వసుమతి చేరారు. పూలమ్మ అప్పటికే జ్వరంతో మూలుగుతోంది. ఆ మూలుగు వింటున్నకొద్దీ, ఎలుక పడిన వంటింట్లో ఒంటరిగా పొయ్యి రాజేస్తున్న తల్లి వసుమతికి కళ్లకు కట్టింది. నిజం చెబితే తల్లిని తెస్తారు, వజీఫా పోతుంది. ఆమె లేచి ప్రహ్లాద్‌రావు ఎదుట నిలబడింది.

"అయ్యా, గా ఎలుక మా ఇంటిది. నేనే తెచ్చిన. మా అమ్మ ఇంకా గాడనే ఉన్నది. జర మనిషిని తోలుండ్రి. నాకు వజీఫా వద్దు."

ఆయన పూలమ్మ గుడిసె వైపు చూశాడు.

"మెల్లగ మాట్లాడమ్మా. గీ నెలల మా ఇంట్ల మూడు పడ్డయి. దుకాణం బందయితదని దొడ్లె బొంద పెట్టిపిచ్చిన. పూలమ్మకు జరమొస్తే ఎండదెబ్బ అన్న. నీ ఎలుక రాకపోతే ఇంకా గాడనే తినుకుంట పండుకుంట ఉంటుంటిమి. వజీఫా నీకే. ఎలుక ఎవరిదని అడిగితే ఏమంటవ్?"

"గణపతిది అంట."

జయమ్మ చీకటి పడకముందే బండి దిగింది, పప్పు పొయ్యిమీదే వదిలేసి వచ్చానని సణుగుతూ. పూలమ్మ మూడోనాడు పోయింది. బీటీ ఫీజు కట్టిన రోజున వసుమతి ఆమె పేర దీపం పెట్టింది; ప్రహ్లాద్‌రావు గణపతికి వెండి మూషికం చేయించాడు.

ఈ కథ విన్నవారందరికీ ఆయురారోగ్యాలు, కోరిన చదువు కలుగుగాక. స్వామి వాహనం స్వామి దగ్గరే ఉండుగాక.