మా ఆయన బొటనవేలు విన్న పాట

నాకు చెవుడు వస్తోందన్న సంగతి నాకు ముందుగా చెప్పింది డాక్టరు కాదు, మా ఆయన పాటల పెట్టె.

ఆయనది కళ్ళజోళ్ళ దుకాణం. పగలంతా జనం ముక్కుల మీద అద్దాలు మార్చి మార్చి, "ఇది బాగుందా, అది బాగుందా? ఒకటా, రెండా?" అని అడుగుతుంటారు. ఇంటికొచ్చాకైనా ఆ ప్రశ్న మానుకుంటారనుకుంటే, పోస్టులో ఓ చిన్న పొట్లం తెప్పించారు. విప్పి చూస్తే రెండు నల్లటి గింజలు. ఒక్కోదానికి ఎనిమిదేసి కాళ్ళు. ఏ రోగానికి నాకు చెప్పకుండా ఈ మాత్రలు మింగుతున్నారో అని నా గుండె జారిపోయింది.

"మాత్రలు కావే, ఆప్-యాంపులు, పాట మోత పెంచే చిప్పులు! పెట్టెలో పాతది పీకి ఇది గుచ్చితే పాట తీరే మారిపోతుంది."

"పెట్టె తీరు మారి పేలిపోతే?"

"నీ నోట మంచిమాట రాదు కదా!"

పీకే పని మా అమ్మాయిది. పళ్ళ డాక్టరు దగ్గర పనిచేస్తుంది కాబట్టి పీకడం దానికి వచ్చిన విద్యే. కరెంటు పెట్టెలో వేలు పెట్టనని దాని చేత ఒట్టు వేయించుకున్నాను. "అలాగేలే అమ్మా," అని పట్టకారు తెచ్చుకుంది. పట్టకారు వేలు కాదు కదా, నేనేమనగలను?

సాయంత్రం నన్ను కుర్చీలో కూలేశారు. అమ్మాయి పెట్టె వెనక చేరింది. ఏది గుచ్చబోతోందో పట్టకారుతో వాళ్ళ నాన్నకు మాత్రమే ఎత్తి చూపించి, స్విచ్చి ఆపి, టిక్కు టిక్కుమనిపించి, మళ్ళీ వేసింది. ఒకే పాట, రెండుసార్లు.

"ఆహా! రెండోది తెర తీసినట్టు లేదూ?" అన్నారు ఈయన.

నాకు తెరా లేదు, తలుపూ లేదు. రెండూ ఒక్కలాగే ఉన్నాయి.

మా పెద్దమ్మకు సరిగ్గా నా వయసులోనే చెవుడు మొదలైంది. చివరికి ఎవరేం చెప్పినా "సంతోషం" అనేది. ఎదురింటాయన పోయారని కబురొచ్చినా అదే అంది.

ఈ ఇంట్లో గ్యాసు బుస్సుమన్నా, కుళాయి కారినా, వీధి తలుపు గడియ కదిలినా వినేది నేనొక్కదాన్నే. నా చెవులు పోయాయంటే ఈ ఇల్లు కాలి, మునిగి, దొంగలపాలవడానికి ఒక్క పూట చాలు. అందుకని ఎవరికీ తెలియనివ్వకూడదనుకున్నాను.

అప్పుడే ఒకటి కనిపెట్టాను. కొత్త గింజ వంతు వచ్చినప్పుడు మా ఆయన కుడికాలి బొటనవేలు దానంతటదే తాళం వేస్తుంది. పాతదైతే ఆగిపోయిన గడియారం ముల్లులా పడుంటుంది.

ఇంకేం! వేలు ఆడితే "ఇదే" అన్నాను, ఆడకపోతే "అబ్బే" అన్నాను. నాలుగు రోజుల్లో ఒక్కటీ తప్పలేదు.

"నీవి చెవులు కావే, బంగారం!" అని మా ఆయన మురిసిపోయారు. దుకాణంలో ఊరికే ఉంటారా? కళ్ళ కోసం వచ్చినవాళ్ళంతా నా చెవుల గురించి విని వెళ్ళారు.

ఆ కబురు మా తమ్ముడి దాకా పోయింది. ముట్టుకున్నదల్లా కాలబెడతాడని వాణ్ణి అందరూ ఫ్యూజు అంటారు.

"అక్క చెవుల సంగతి నాకు తెలియదా బావా? చిన్నప్పుడు పది పిలుపులకు ఒకసారి పలికేది. ఏదీ, నా ఎదుట చెప్పమనండి," అంటూ దిగాడు.

అంటే చిన్నప్పటి నుంచే ఉందన్నమాట! నా భయం రెండింతలైంది.

ఆ రోజు మా ఆయన బూట్లు విప్పారు గానీ మేజోళ్ళు విప్పలేదు.

"ఏమండీ, ఆ మేజోళ్ళు విప్పండి. కాళ్ళు ఉడికిపోతాయి."

"ఫరవాలేదులే."

"గాలి తగలకపోతే వేళ్ళు కుళ్ళిపోతాయట!"

"ఇరవై ఆరేళ్ళుగా లేనిది, ఇవాళ నా కాళ్ళ మీద ఇంత ప్రేమేమిటే?"

నేను అప్పటికే కింద కూర్చుని కుడికాలి మేజోడు లాగేస్తున్నాను.

"ఒక్కటేనా అక్కా? ఎడమకాలు కుళ్ళినా ఫరవాలేదా?" అన్నాడు ఫ్యూజు.

పాట మొదలైంది. ఒకటోసారి వేలు కదల్లేదు. రెండోసారి తాళం కాదు, ఏకంగా గంతులే వేసింది.

"రెండోదే!" అన్నాను. "తెర తీసినట్టుంది. ఎంత తీయగా ఉందో!"

మా ఆయన పడీ పడీ నవ్వారు.

"ఇవాళ ఏదీ మార్చలేదే! మార్చొద్దని అమ్మాయికి నేనే చెప్పాను. రెండుసార్లూ మోగింది పాతదే. వేలు కావాలనే ఆడించాను."

నా మొహం మాడిపోయింది.

"అక్షరాల బోర్డు కంఠతా పట్టి నా దుకాణానికి వచ్చేవాళ్ళను ఎంతమందిని చూళ్ళేదు? వాళ్ళకూ ఒకే అద్దం రెండుసార్లు పెట్టి, ఏది బాగుందని అడుగుతాను. ఈ నాలుగు రోజులూ నువ్వు పెట్టె మీద చెవి పెట్టలేదు, నా కాలి మీద కన్నేశావు."

ఇక దాచి లాభం లేదు. ఏడుపు తన్నుకొచ్చింది.

"నాకు చెవుడండీ! మా పెద్దమ్మకూ ఇలాగే... ఒరేయ్ ఫ్యూజూ, బిస్కెట్ల డబ్బా మూత గట్టిగా పెట్టరా, మెత్తబడిపోతాయి!... మా పెద్దమ్మకూ ఇలాగే మొదలైందండీ..."

ఎప్పుడు జారుకున్నాడో, బుగ్గలో బిస్కెట్టుతో వంటింట్లోంచి తొంగిచూశాడు ఫ్యూజు. ఇక్కడ పాట ఇంకా మోగుతూనే ఉంది.

"ఇంత మోతలో, గోడకవతల మూత తీసిన చప్పుడు వినపడిందా నీకు?" మా ఆయన నోరు తెరిచారు. "నాకు వినపడలేదే!"

"మరి తేడా ఎందుకు తెలియలేదండీ నాకు?"

"తేడా పట్టాలంటే అభిరుచి ఉండాలి. నాకైతే మొదటి రోజే స్పష్టంగా తెలిసింది."

అమ్మాయి గొంతు సవరించుకుంది.

"ఇవాళ మార్చొద్దన్నారు కదా నాన్నా, అది నాకు కొత్త పనేం కాదు. మొదటి రోజు నుంచీ చేస్తున్నదే. అమ్మ ఒట్టు వేయించుకుందని పట్టకారుతో చప్పుడు చేశానంతే."

పట్టకారు పెట్టుకునే డబ్బా తెరిచి చూపించింది. కొత్త గింజలు రెండూ అందులో, దూది మీద, ఒక్క కాలూ వంగకుండా పడుకుని ఉన్నాయి.

మా ఆయన కుర్చీ కింద వెతికి, మేజోడు దులిపి, మెల్లగా తొడుక్కున్నారు.

అలా నా చెవుల భయం తీరింది. ఆ వెంటనే ఇంకోటి పట్టుకుంది. నాలుగు రోజులు మా అమ్మాయి కన్నార్పకుండా ఇంట్లోవాళ్ళను మోసం చేసిందే! రేపు పరాయివాళ్ళ దగ్గర ఏం చేస్తుందో!

"ఎవరి పోలికే నీకు?" అని నిలదీశాను.

అది నా కళ్ళ వైపు చూసింది. తర్వాత వాళ్ళ నాన్న కాళ్ళ వైపు చూసింది.

"ఒకటా, రెండా?" అంది.