పులిగారి ఏకాంత వేట

ఒక పెద్ద అడవిలో... పెద్ద అంటే మీరనుకునే పెద్ద కాదు. నూనూగు మీసాల వయసులో నేను దాని ఈ చివర అడుగుపెట్టి, ఆ చివర తేలేసరికి మీసం ముగ్గుబుట్టైంది. అంతటి అడవికి తగాదాలు తీర్చే సభ ఒకటి. సభకి పులి అధ్యక్షుడు, నక్క కార్యదర్శి.

నక్కకి ఎప్పట్నుంచో అధ్యక్ష పీఠం మీదే కన్ను. పులిని విసిగించి దించాలని ఓ నియమం పెట్టించింది. సభ్యుల్లో ఎవరు ఆలస్యంగా వచ్చినా, వాళ్ల కోసం తగాదా మళ్లీ మొదటినుంచీ వినిపించాలి.

వినడానికి ఎంత మర్యాదగా ఉంది! కాకపోతే సభ్యుల్లో సగం తాబేళ్లు.

అడవిపందికీ ముళ్లపందికీ దుంపల దగ్గర తగాదా. అది మొదలైనప్పుడు మొలకగా ఉన్న మద్ది, తీర్పు రాకముందే మానైంది. దాని నీడలో కునుకు తీసినవాణ్ని కాబట్టి చెబుతున్నా.

పులికి బుర్ర వేడెక్కింది. నిద్రలో కూడా "సభ్యులారా, కూర్చోండి!" అని గాండ్రించేది.

"అధ్యక్షా, మీ మొహం చూడలేకపోతున్నాను," అంది నక్క, లేని కన్నీళ్లు తుడుచుకుంటూ. "ఒంటరిగా వేటకెళ్లండి. కొండవతల గుడారం వేసుకుని, మనసు కడుక్కుని రండి."

"అడవిలో ఉండే ఆయన మళ్లీ అడవికెళ్లడమేంటయ్యా?" అంది ఏనుగు.

"ఇది ఆఫీసు, ఏనుగన్నా. అది ప్రకృతి!"

సభ చప్పట్లు కొట్టింది. ఆ చప్పట్ల మధ్య దగ్గుతూ నక్క ఒక ముక్క కలిపింది: "వేట లేకుండా తిరిగొస్తే పీఠం దిగాలి." పులి కూడా తలూపేసింది.

ఎన్నేళ్లుగానో పులికి భోజనం పీఠం దగ్గరికే వస్తోంది. అది ఎలకని తరిమి కూడా ఎంతకాలమైందో నక్కకి బాగా తెలుసు.

పులి వెళ్లింది. మోదుగాకుల గుడారం ముందు వెల్లకిలా పడుకుని, ఆకాశం చూస్తూ "ఆహా!" అనుకుంది. ఆ ఆహా ఆకలేసేదాకా నిలిచింది.

వాగు దగ్గర జింకలు కనబడ్డాయి. పులి పొట్ట నేలకానించి పాకింది. దగ్గరికొచ్చింది. దూకబోతూ, పాడు అలవాటు, గొంతు సవరించుకుని గాండ్రించింది.

"సభ్యులారా, కూర్చోండి!"

ఆ గాండ్రింపుకి నా తలపాగా ఎగిరి పక్క కొండకి చుట్టుకుంది. జింకల్లో ఒక్కటీ కూర్చోలేదు.

దుప్పులతోనూ అంతే, కుందేళ్లతోనూ అంతే. నోరు మూసుకుని దూకుదామని ఒట్టు పెట్టుకునేది. తీరా సమయానికి నోరు దానంతటదే తెరుచుకునేది. పులి పక్కటెముకలు బయటపడ్డాయి. అక్కడే ఉందామంటే ఆకలి, ఉత్త చేతులతో వెళితే పీఠం ఉండదు.

ఇక్కడ సభలో నక్క పీఠమెక్కి కాలు మీద కాలేసుకుంది. అడవిపంది తన దుంపల తగాదా మొదలుపెట్టింది. సగంలో తాబేలు వచ్చింది.

"ఏమైందర్రా? మొదటినుంచీ చెప్పండి."

చెప్పారు. అయ్యేలోపు ఇంకో తాబేలు.

"ఈ దిక్కుమాలిన నియమం ఎత్తేద్దాం!" అని అరిచింది నక్క.

"ఎత్తేయాలంటే సభ్యులంతా ఒకేసారి ఉండాలి, తమ్ముడూ," అంది ఏనుగు. "తాబేళ్లని రానీ. అయినా పెట్టించింది నువ్వే కదా?"

నక్కకి చెవుల్లో హోరు, ఒంటిమీద బొచ్చు రాలడం మొదలైంది. ఆ రాలిన బొచ్చుతో నేను రెండు పరుపులు కుట్టించాను. చివరికి తట్టుకోలేక సభలోంచి జారుకుంది. పీఠమూ వద్దు పాడూ వద్దు, పులిని కాళ్లావేళ్లా పడి తీసుకొద్దామని కొండవతలికి పరిగెత్తింది.

పొదలో నక్కిన పులికి అడుగుల చప్పుడు వినబడింది. ఎవరో ఏమిటో చూసే ఓపిక లేదు. దూకబోతూ, మళ్లీ అదే కూత:

"సభ్యులారా, కూర్చోండి!"

జింకలంటే అడవి జీవాలు, పారిపోయాయి. నక్క ఏళ్లతరబడి సభలో ఉద్యోగం చేసింది.

కూర్చుంది. తోక సర్దుకుని మరీ కూర్చుంది.

పులి తిరిగొచ్చింది. మూతి పక్కన ఎర్రటి తోక వెంట్రుకలు ఇంకా అంటుకునే ఉన్నాయి.

"వేట దొరికిందా, అధ్యక్షా?" అంది ఏనుగు, అటు చూసీ చూడనట్టు.

"దొరికింది. చాలా క్రమశిక్షణ గల వేట."

"మరి మనసు?"

"దాని సంగతేముందిలే. ముందు కడుపు కుదుటపడింది."

నీతి: పైవాళ్లకి విశ్రాంతి తీసుకోమని సలహా ఇవ్వండి, తప్పులేదు, ఎలా తీసుకుంటున్నారో చూడ్డానికి మాత్రం వెళ్లకండి.