సముద్రం కనిపించే గది

ఒక పెద్ద అడవి తూర్పున ఉప్పుటేరు దాకా వచ్చి ఆగిపోయేది. ఏటికి అవతల సన్నగా, పొడుగ్గా ఒక ఇసుక లంక. లంక దాటితే సముద్రం.

ఆ లంక మీద మొట్టమొదట పూటకూళ్ళ ఇల్లు పెట్టింది సూరమ్మ అనే నీటికుక్క. ఇసుక దిబ్బ వెనక, మొగలి పొదల చాటున తాటాకు పాక వేసుకుంది. సముద్రపు గాలికి ఆకలి పుడుతుందని అడవి వైద్యుడు గుడ్లగూబ చెప్పినప్పటి నుంచీ ఎండాకాలం జంతువులు ఏరు దాటి వచ్చేవి. పొద్దున్నే తాడు పట్టుకుని అలల్లో స్నానం, మధ్యాహ్నం సూరమ్మ చేతి చేపల పులుసు, ఆపైన కమ్మని నిద్ర.

ఒకసారి అడవి పంచాయతీ ప్రెసిడెంటు ఎలుగుబంటి వచ్చాడు. వెంట కాంట్రాక్టరు కొండముచ్చు.

"పులుసు బాగుంది గానీ, గదిలోంచి సముద్రం కనిపించదేం?" అన్నాడు ఎలుగుబంటి.

"దిబ్బ అడ్డమండి. గాలివాన వస్తే మనకి అదే కాపు" అంది సూరమ్మ.

"అడ్డం తీసెయ్యడాన్నే అభివృద్ధి అంటారు" అన్నాడు కొండముచ్చు.

ఆ ఏడే పంచాయతీ తీర్మానించింది. సూరమ్మ పాక ముందున్న ఒక్కటీ వదిలి లంక పొడుగునా దిబ్బలు తవ్వేశారు, మొగలి పొదలు కొట్టేశారు. ఒడ్డున ఎలుగుబంటి రెండంతస్తుల హోటలు లేచింది. ప్రారంభోత్సవానికి నెమళ్ళు ఆడాయి. ప్రతి గదిలోంచీ సముద్రం కనిపించింది.

మరుసటి ఏడు అడవిపంది దానికి ముందు మూడంతస్తులు కట్టాడు. అతని అతిథులకు సముద్రం కనిపించింది. ఎలుగుబంటి అతిథులకు అడవిపంది వంటిల్లు కనిపించింది.

"మనం ఇంకా ముందుకి పోవాలి" అన్నాడు ఎలుగుబంటి.

"ముందున్నవి నీళ్ళే కదండీ" అని కొండముచ్చు నసిగాడు.

"స్తంభాలు వెయ్యి."

అలల మీద భోజనాల హాలు కట్టారు. అక్కణ్ణుంచి వెనక్కి చూస్తే దిబ్బ మీదుగా సూరమ్మ పాక కప్పు కంటికి నలుసులా కనిపించింది. ఎలుగుబంటి ఆమెని పిలిపించాడు.

"నీ పాక వల్ల లంక పరువు పోతోంది. వానలు వెలిశాక ఖాళీ చెయ్యి. నీ ముందున్న దిబ్బ కూడా తవ్వించాలి."

"పిల్లలతో ఎక్కడికి పోనండీ?" అంది సూరమ్మ. ఎలుగుబంటి అప్పటికే సముద్రం వైపు తిరిగిపోయాడు.

వానలు వెలవకముందే తుఫాను వచ్చింది. మధ్యాహ్నం భోజనాల వేళ హాలు కూలింది. సాయంత్రానికి అడవిపంది హోటలు కొట్టుకొచ్చి ఎలుగుబంటి హోటలుకి గుద్దుకుంది. అతిథులంతా తడుస్తూ, పడుతూ లేస్తూ, లంకలో మిగిలిన ఒక్క దిబ్బ వెనక్కి పరిగెత్తారు. సూరమ్మ అందర్నీ లోపలికి లాగి పొడిగుడ్డలిచ్చింది. చివర్న వచ్చిన ఎలుగుబంటి గుమ్మం దగ్గర తటపటాయించాడు.

"చోటుందా సూరమ్మా?"

"ఉందండి. సముద్రం మాత్రం కనిపించదు."

"పోనీలే, కనిపించకపోతేనే మంచిది" అంటూ దూరిపోయాడు.

గాలి తగ్గాక సూరమ్మ అరుగు మీదే పంచాయతీ కూర్చుంది. పాకని ఖాళీ చేయించే మాట రద్దయింది. దిబ్బల పరిరక్షణ సంఘం పుట్టింది. అధ్యక్షుడు ఎలుగుబంటి. కొత్త ఇసుక పోసే కాంట్రాక్టు కొండముచ్చుది.

"మరి నేనండీ?" అంది సూరమ్మ.

"సంఘానికి భోజనాలు నువ్వే" అన్నారంతా ఏకగ్రీవంగా.

సూరమ్మ నవ్వుకుంటూ పొయ్యి రాజేసింది.

ఇందులోంచి ఏరుకోదగ్గ నీతి ఒక్కటే: మునిగేది ఎలాగూ మునుగుతుంది, ముంచినవాడు మాత్రం అధ్యక్షుడై తేలతాడు.