గడియ పెట్టి రాసిన పరీక్ష

ఆ శుక్రవారం పొద్దున్న నెట్టాయన వేసుకున్న పథకం చాలా చిన్నది. పదింటికి తన గదిలో గడియ పెట్టుకుని ల్యాప్‌టాప్ ముందు పరీక్ష రాయాలి, పన్నెండుకి పాసవ్వాలి, పన్నెండున్నరకి ఏమీ ఎరగనట్టు భోజనానికి కూర్చోవాలి. ఇంత సజావైన పథకంలో ఒకే ఒక్క చిక్కుంది. ఆ పరీక్ష అతను మూడు నెలల క్రితమే పాసయ్యాడని ఇంట్లోనూ ఆఫీసులోనూ అందరికీ తెలుసు.

నెట్టాయన అన్నది ఆఫీసువాళ్లు పెట్టిన పేరు. అక్కడి కంప్యూటర్లన్నిటినీ కలిపే నెట్‌వర్కును పద్దెనిమిదేళ్లుగా అతనే చూసుకుంటున్నాడు. ఎవరి బల్ల కింద ఏ తీగ ఎటు పోతుందో కళ్లు మూసుకుని చెప్పగలడు. కానీ ఈ రోజుల్లో పని వస్తే చాలదు, వచ్చని సర్టిఫికెట్ కూడా ఉండాలి. దానికోసం పరీక్ష రాస్తే ఆరు మార్కుల్లో పోయింది. అదే వారం అతని దగ్గర పని నేర్చుకున్న ఇరవైనాలుగేళ్ల జూనియర్ పాసైంది. "మీదీ అయిందా సార్?" అని అడిగింది పాపం, మర్యాదకి. చుట్టూ నలుగురున్నారు. "ఆఁ, అయింది" అనేశాడు. అందరూ చప్పట్లు కొట్టారు, మేనేజరు కేకు తెప్పించాడు. మిగిలిన ముక్క ఇంటికి పట్టుకెళ్తే ఎందుకని అడిగిన భార్యకీ అదే చెప్పాడు. ఆవిడ బంధువులందరికీ ఫోన్లు చేసింది.

ఇప్పుడు సోమవారం పెద్ద క్లయింటు తరఫువాళ్లు తనిఖీకి వస్తున్నారు. ఇంజనీర్ల సర్టిఫికెట్ నంబర్లు చూస్తారట. అంటే ఈలోగా పాసవ్వాలి, లేదా పద్దెనిమిదేళ్ల పరువు గంగలో కలవాలి. అందుకని ఆఫీసుకి జ్వరమని చెప్పాడు, ఇంట్లో "ఇవాళ ఇంటినుంచే పని" అన్నాడు. అబద్ధాన్ని కాపాడుకోడానికి రెండు కొత్త అబద్ధాలు ఖర్చయ్యాయి.

ఇంట్లో ఉండేది ముగ్గురే. భార్య రక్తపరీక్షల ల్యాబులో పనిచేస్తుంది. ఆవిడ తండ్రి, రిటైరైన స్టేషన్‌మాస్టారు, పొద్దస్తమానం ఫోనులో పాత రైళ్ల వీడియోలు చూస్తుంటారు. ఆ రైళ్లు తన పరీక్షకి అడ్డం రాకూడదని నెట్టాయన తొమ్మిదీ నలభైకి రూటరు ముందు కూర్చుని, తన ల్యాప్‌టాప్‌కి విడిగా ఒక దారి ఏర్పాటు చేశాడు. ఆ రూటరు ఆఫీసులో పక్కనపెట్టేసిన పాతది. సెట్టింగులు మార్చేముందు, ఈ వృత్తిలోవాళ్లు చేసే పనే అతనూ చేశాడు. గంట తర్వాత తనంతట తానే రీస్టార్టయ్యేలా రూటరుకి టైమరు పెట్టాడు. మార్పు బెడిసికొట్టినా, గంటకల్లా రూటరు ఆగి మొదలై పాత స్థితికి వచ్చేస్తుంది. అంతా బాగుంటే మార్పుల్ని సేవ్ చేసి, టైమరు తీసేయాలి.

అంతా బాగుంది. సేవ్ చేయబోతుండగా కిందనుంచి భార్య పిలిచింది.

"ఏమండీ, స్కూటర్ స్టార్టవ్వట్లేదు. ఒకసారి వస్తారా?"

వెళ్లాడు, కిక్కులు కొట్టాడు, చమటలు కక్కాడు, స్టార్ట్ చేసి పంపించాడు. తిరిగొచ్చేసరికి పదికి ఐదు నిమిషాలుంది. ఫోను గదిలో ఉండకూడదన్నది నియమం కాబట్టి ఫ్రిజ్ మీద పెట్టాడు. గడియ వేసుకున్నాడు. టైమరు సంగతి శుభ్రంగా మర్చిపోయాడు.

పరీక్ష నియమాలు కఠినమైనవి. ఎక్కడో కూర్చున్న పర్యవేక్షకుడు కెమెరాలోంచి చూస్తూ ఉంటాడు. లేవకూడదు, మాట్లాడకూడదు, గదిలోకి ఎవరూ రాకూడదు. తెర ఆగిపోయినా కంగారుపడకుండా కదలకుండా కూర్చోవాలి. నెట్టాయన ప్రశ్న తర్వాత ప్రశ్న దాటుకుంటూ పోతున్నాడు. ఈసారి గట్టెక్కుతానన్న నమ్మకం కుదిరింది. నలభై ఒకటో ప్రశ్న దగ్గర తెర ఆగిపోయింది.

తలుపు మీద చప్పుడైంది. "అల్లుడుగారూ, పది నలభైకి నెట్ పోయింది" అన్నారు మామగారు.

నెట్టాయన పలకలేదు. కెమెరా పక్కన చిన్న పచ్చదీపం వెలుగుతూనే ఉంది.

ఆరు నిమిషాల తర్వాత మళ్లీ చప్పుడు. "పది నలభై ఆరుకి వచ్చేసిందండీ. బాగానే నడుస్తోంది."

హమ్మయ్య, ఇంక తన తెర కూడా కదులుతుందనుకున్నాడు. కదల్లేదు. రెండుసార్లు చెప్పినా అల్లుడు ఊఁ అనకపోయేసరికి మామగారికి అనుమానం వచ్చింది. తలుపు బాదారు. ఫోను చేశారు. అది ఫ్రిజ్ మీద మోగింది. "మాట్లాడరేం? ఒంట్లో బాలేదా?" అన్నారు. నెట్టాయన, బతికే ఉన్నానని తెలియాలని, పర్యవేక్షకుడు తప్పు పట్టని విధంగా చిన్నగా దగ్గాడు.

మామగారు కూతురికి ఫోన్ చేసి, "లోపల మూలుగు వినబడుతోందమ్మా" అన్నారు.

ఆవిడ ఆఫీసుకి ఫోన్ చేసింది. మేనేజరు, "ఇంటినుంచి పనేమిటమ్మా, ఆయన జ్వరమని సెలవు పెడితేనూ" అన్నాడు. జ్వరం, మూలుగు, గడియ పెట్టిన తలుపు. మూడూ కలిసేసరికి ఆవిడ ల్యాబులోంచి పరుగున బయల్దేరింది. పదకొండుంబావుకల్లా బీపీ మిషన్‌తో భార్య, కారులో మేనేజరు, వెనక జూనియర్, అందరూ ఆ తలుపు ముందున్నారు.

"ఏమండీ, నాకు చెప్పకుండా జ్వరం దాచుకున్నారా? ఒక్క మాట మాట్లాడండి. పోనీ బల్ల మీద కొట్టండి, చాలు." తర్వాత ఏడుపు వినబడింది.

నెట్టాయనకి లేచి తలుపు తీయాలనే అనిపించింది. తెరవైపు చూశాడు. ఇరవై తొమ్మిది ప్రశ్నలు మిగిలాయి. ఒక్క నిమిషం, ఈ ఒక్క ప్రశ్న కదిలితే, అనుకున్నాడు. లేవలేదు.

మేనేజరు భారీ మనిషి. భుజంతో రెండు తోపులు తోశాడు. గడియ ఊడి మంచం కిందికి పోయింది. లోపల జ్వరపు రోగి, ఇస్త్రీ చొక్కా వేసుకుని, నున్నగా దువ్వుకుని, రెండు చేతులూ బల్ల మీద పెట్టుకుని బొమ్మలా కూర్చునున్నాడు.

"నన్ను మాట్లాడించకండి, పరీక్ష రద్దవుతుంది" అన్నాడు కెమెరావైపే చూస్తూ.

జూనియర్ వంగి తెర చూసింది. "సార్, ఇది ఎప్పుడో ఆగిపోయింది. గడియారం పది నలభై దగ్గరుంది."

"నేను చెప్పలేదూ, పది నలభై" అన్నారు మామగారు.

"పచ్చదీపం వెలుగుతోంది కదా?" అన్నాడు నెట్టాయన.

"అది కెమెరాకి కరెంటు ఉందని సార్. అవతల ఎవరూ లేరు." మెల్లిగా అడిగింది. "రూటరుకి రీస్టార్ట్ టైమరు పెట్టారా?"

"పెట్టాను."

"తీయలేదా?"

టైమరు తీయకుండా కుర్చీలోంచి లేవకూడదని ఆ అమ్మాయికి నేర్పింది అతనే. రీస్టార్టవగానే సేవ్ చేయని కొత్త దారి తుడిచిపెట్టుకుపోయింది. ఇంట్లో రైళ్లన్నీ నడుస్తున్నాయి, అతని ల్యాప్‌టాప్ ఒక్కటే ఎటూ కాకుండా నిలబడిపోయింది. ముప్పై ఐదు నిమిషాలు అతను ఎవరికి భయపడి నోరు మూసుకున్నాడో ఆ మనిషే అక్కడ లేడు.

ఈలోగా మేనేజరు తెర మీది పరీక్ష పేరు చదివాడు. "ఇది మీరు పాసయిందే కదా? మేం కేకు కోసింది?"

నెట్టాయనకి తల కొట్టేసినట్టయింది. అబద్ధం ఇంకొకటి దొరుకుతుందేమోనని వెతికాడు. దొరకలేదు. "పాసవలేదండీ. ఆరు మార్కుల్లో పోయింది. అందరి ముందూ చెప్పడానికి సిగ్గేసింది."

మేనేజరు తిడితే బాగుండేది. జూనియర్ గోడవైపు తిరిగి, అక్కడ ఏమీ లేకపోయినా ఏదో చూస్తూ నిలబడింది. భార్య మాత్రం తెచ్చిన మిషన్ ఊరికే పోకూడదన్నట్టు అతని జబ్బకి పట్టీ చుట్టి బీపీ చూసింది. నూట డెబ్బై. చెప్పి, పట్టీ విప్పింది.

"సోమవారం తనిఖీకి ఈ అమ్మాయి సర్టిఫికెట్ నంబరిస్తాను. మీరు పక్కన కూర్చుని పని చూపించండి" అని మేనేజరు వెళ్లిపోయాడు, జూనియర్‌ని తీసుకుని. మామగారు గడియ వెతకడానికి మంచం కిందికి దూరారు.

"పరీక్ష పోయిందంటే నేనేమనేదాన్ని?" అంది భార్య.

"ఏమీ అనేదానివి కాదు."

"నేను ఏడవడం వినబడిందా?"

అబద్ధమాడొచ్చు. "వినబడింది" అన్నాడు.

ఆవిడ బీపీ మిషన్ సంచిలో పెట్టుకుని డ్యూటీకి వెళ్లిపోయింది. ఈసారి స్కూటర్ ఒక్క కిక్కుకే స్టార్టయిన చప్పుడు పై గదిలోకి వినబడింది. నెట్టాయనకి, ఇంత వయసొచ్చి, కుర్చీలో కూర్చునే ఎక్కడికైనా దాక్కోవాలనిపించింది.

నెట్ తెగిందని పరీక్ష పెట్టే కంపెనీవాళ్లు ఇంకో అవకాశం ఇచ్చారు. రెండు వారాల తర్వాత, ఇంట్లో కాకుండా పరీక్షాకేంద్రానికి వెళ్లి, వెళ్తున్నానని అందరికీ చెప్పి మరీ రాశాడు. మంచి మార్కులతో పాసయ్యాడు. ఇంటికొచ్చి ఆ మాట చెప్పగానే భార్య తండ్రివైపు చూసింది. మామగారు కళ్లజోడు పెట్టుకుని, కంపెనీ వెబ్‌సైట్ తెరిచి, సర్టిఫికెట్ నంబరు ఒక్కొక్క అంకె కొట్టి, పేరూ తేదీ రెండుసార్లు చదువుకున్నారు.

"నిజమేనమ్మా," అన్నారు, "నాలుగూ పన్నెండుకి చూశాను."