పట్టుపురుగు మెదడుకు మెమో

పైనుంచి దిగిన ఉత్తర్వు దిగినట్టే అమలయ్యే కార్యాలయం ఈ భూప్రపంచంలో ఒక్కటే ఉంది. అది పట్టుపురుగు ఒళ్లు. మెదడు ఒక బొట్టు హార్మోను వదులుతుంది. ఛాతీలోని గ్రంథి దాన్ని అందుకుని తన రసం వదులుతుంది. పురుగు మేత మాని గూటికి సిద్ధమవుతుంది. నకలు లేదు, టపా లేదు. (ఆ మెదడు ఆవగింజంత కూడా ఉండదు. భోజన విరామమూ లేదు.)

1982లో పలమనేరు పక్కన మునిరత్నమ్మ అలాంటి పురుగులనే మేపింది. అలా మేత మాని పండిన పురుగును చంద్రిక అనే వెదురు తడక మీదికి ఎక్కిస్తేనే గూడు సరిగ్గా కడుతుంది, లేకపోతే దారమంతా తట్టలోనే పాడు. చంద్రికలిచ్చేది సర్కారు. గుడ్లు తెచ్చుకున్న నాడే ఆమె దరఖాస్తు పెట్టింది. అది చిత్తూరుకు వెళ్లి, సంతకం చాలక తిరిగొచ్చి, మళ్లీ వెళ్లింది.

"సారూ, పురుగులు పండుతా ఉండాయి. రేపటికి సంద్రికలు లేకుంటే నా పంట మట్టిపాలే" అంది, చంద్రికల మంజూరు ఉపకార్యాలయం సూపరింటెండెంటు ఏకాంబరంతో.

"మంజూరు రాకముందే ఎవురు పండమన్నారమ్మా వాటిని?"

"నేనేమన్నా సెప్పినానా సారూ? వాటి మెదడులోనించే ఏందో దిగుతాదంట."

"ఆ మెదడు మన ఆఫీసు కింద ఉండాదా, లేదా?"

ఉందని తేలింది. వెంటనే మెమో తయారైంది: మంజూరు పెండింగులో ఉన్నందున సదరు మెదళ్లు తదుపరి ఉత్తర్వుల వరకు హార్మోను విడుదలను నిలిపివేయవలెను. (ఆ కార్యాలయంలో అడిగిన రోజే టైపు అయిన కాగితం ఇదొక్కటే.) బంట్రోతు గురప్ప వెళ్లి తట్టల ముందు నిలబడి చదివి వినిపించాడు. పండిన పురుగులు తలలెత్తి అటూ ఇటూ ఊపాయి. 'విన్నాయి గానీ ఒప్పుకోలేదు' అని అతను నివేదిక ఇచ్చాడు.

మర్నాడు మునిరత్నమ్మ తట్టలన్నీ బండిలో వేసుకొచ్చి, పురుగులను ఆఫీసు ఫైళ్ల మీద పరిచేసింది.

"కట్టుకోండి నాయనా. ఈడ మిమ్మల్ని కదిలించేవాళ్లు ఎవురూ లేరు" అంది, ఏడుపు ఆపుకుంటూ.

గూటికి కావలసింది కదలని మూల. అంత అనువైన చోటు జిల్లాలో ఇంకోటి లేదు. గూళ్లు గట్టిగా వచ్చాయి. సర్కారు ఫైళ్ల మీద కట్టినవి సర్కారు గూళ్లేనని ఏకాంబరం రాసుకున్నాడు. సొంతంగా పట్టు పండించిన తొలి కార్యాలయమని చిత్తూరులో ఆయనకు సన్మానం చేసి పట్టు శాలువా కప్పారు.

శాలువా మడత నలగకముందే చంద్రికలు కూడా వచ్చేశాయి. వచ్చే పంటకైనా దక్కుతాయని మునిరత్నమ్మ పరుగున వెళ్లింది. ఏకాంబరం నిబంధనలు తిరగేసి నిజంగానే బాధపడ్డాడు.

"పురుగులుండే వాళ్లకే ఇయ్యాలని రూలు ఉండాదమ్మా. నీకాడ యాడుండాయి?"